పదహారా, పద్దెనిమిదా, ఇరవై ఐదా?: బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల అరుదైన రకాల లెక్కపై ఒక పరిశీలన

ప్రశ్న

ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 1955 నుంచి 1962 వరకు 1,01,081 ఎంజీఏ కార్లు తయారు చేసింది. వాటిలో బ్రిటన్‌లో అమ్ముడైనవి 5,869 మాత్రమే. తక్కినవి విదేశాలకు, అందులోనూ ఎక్కువ భాగం అమెరికాకు వెళ్లాయి. లక్షకు పైగా తయారైన కారును అరుదైనదని ఎవరూ అనరు. కానీ ఆ లక్షలో 2,111 కార్లకు వేరే ఇంజిన్ ఉంది. మరో 395 కార్లకు ఇంజిన్ మామూలుదే, చాసిసూ బ్రేకులూ మాత్రం ఆ 2,111 కార్ల తరహావి. ఎంజీఏ చరిత్ర రాసేవారైనా, కారు కొనేవారైనా ఎక్కువగా తర్జనభర్జన పడేది ఈ చిన్న గుంపుల గురించే.

పేరున్న ప్రతి బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకూ ఇలాంటి చిన్న అంకె ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. జాగ్వార్ ఎక్స్‌కేఎస్‌ఎస్‌కు 16. లైట్‌వెయిట్ ఈ-టైప్‌కు 12. ఆస్టన్ మార్టిన్ డీబీ4 జీటీ జగాటోకు 19. ఆస్టిన్-హీలీ 100ఎస్‌కు 50, 100ఎంకు 640. పుస్తకాల్లోనూ వేలం జాబితాల్లోనూ ఇవన్నీ ఒకే ధీమాతో అచ్చవుతుంటాయి. చదివేవారికి అన్నీ ఒకే జాతి అంకెల్లా కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే అలా లేవు.

ఒక రకానికి చెప్పే సంఖ్య తయారు చేయాలనుకున్న కార్లను లెక్కపెడుతోందా, పూర్తయిన కార్లనా, తరవాతి కాలంలో అదే నంబరు వరుసలో పుట్టినవాటినా అన్నది చెప్పకపోతే దాని మీద చరిత్ర నిలబడదన్నది ఈ వ్యాసం వాదన. దానికి అనుబంధంగా మరో మాట కూడా ఉంది. ఇక్కడ పరిశీలించిన కార్లలో ఎక్కువ వాటిని అరుదుగా ఉండాలని ఎవరూ తయారు చేయలేదు. గిరాకీ లేకపోవడం, రేసు నిబంధన, అగ్నిప్రమాదం, ఇంజిన్ లోపం వంటి ఏదో ఒక కారణం లెక్కను మధ్యలో ఆపింది. ఆగిన కారణాన్ని బట్టి మనకు మిగిలే ఆధారం తీరు కూడా మారుతుంది.

ఆధారాలు: దేనికి ఎంత బరువు

ఈ రంగంలో ఆధారాలు స్థూలంగా నాలుగు తరగతులు. మొదటిది ఫ్యాక్టరీ చిట్టా. కారు చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రంగు, పంపిన తేదీ, పంపిన దేశం వంటి వివరాలు ఆ రోజుల్లోనే రాసిపెట్టిన పుస్తకం. ఎంజీ, ఆస్టిన్-హీలీ కార్ల చిట్టాలు వార్విక్‌షైర్‌లోని గేడన్‌లో బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్టు వద్ద ఉన్నాయి. ట్రస్టు వాటిని చూసి కారు వివరాలతో ధ్రువపత్రం ఇస్తుంది. ఈ చిట్టాల బలం అవి రాసిన సమయంలో ఉంది. ఆ కారు ముందుముందు భారీ ధర పలుకుతుందన్న ఊహ రాసిన గుమాస్తాకు లేదు కాబట్టి లెక్కను పెంచడానికో తగ్గించడానికో అతనికి కారణం లేదు. బలహీనతా అక్కడే ఉంది. ఫ్యాక్టరీ బయట జరిగింది చిట్టాకెక్కదు.

రెండోది కారు మీదే ఉన్న గుర్తులు: బిగించిన నంబరు రేకులు, లోహం మీద పోటు వేసిన అంకెలు. ఇవి కారుతోపాటే తిరుగుతాయి కనుక పనికొస్తాయి. కానీ ఒక కారు రేకును ఊడదీసి మరో కారుకు బిగించవచ్చు. మూడోది ఆ కాలపు బయటి సాక్ష్యం: రేసు ఎంట్రీ జాబితాలు, తేదీ ఉన్న ఫోటోలు, రిజిస్ట్రేషన్ వివరాలు, పత్రికల రోడ్ టెస్టులు. నాలుగోది దశాబ్దాల తరవాత చెప్పినవి: ఇంజినీర్ల జ్ఞాపకాలు, క్లబ్బుల జాబితాలు, కంపెనీల ప్రచార ప్రకటనలు. ఒక పని ఎందుకు చేశారో తెలుసుకోవడానికి ఈ నాలుగో తరగతి బాగా ఉపయోగపడుతుంది. ఎన్ని చేశారో తేల్చడానికి అంతగా పనికిరాదు.

సంఘటనకు దగ్గరగా రాసిన దానికి ఎక్కువ విలువ, దూరంగా రాసిన దానికి తక్కువ విలువ ఇవ్వడం ఇక్కడ పాటించిన పద్ధతి. రెండు తరగతుల ఆధారాలు విభేదిస్తే ఒకదాన్ని దాచి రెండోదాన్ని చెప్పడం కాక, రెండింటినీ పక్కపక్కన పెట్టడం జరిగింది.

ప్రత్యేక రకాలు ఎందుకు పుట్టాయి

రెండో ప్రపంచ యుద్ధం తరవాత బ్రిటన్‌లో ఉక్కు కేటాయింపు ఎగుమతులతో ముడిపడింది. డాలర్లు తెచ్చే కంపెనీకే ఉక్కు. ఆ పరిస్థితిలోనే 1948 అక్టోబరులో లండన్ ఎర్ల్స్‌కోర్టు మోటార్ షోలో జాగ్వార్ ఎక్స్‌కే120 కనిపించింది. దాని 3.4 లీటర్ల ఇంజిన్ నిజానికి రాబోయే పెద్ద సెడాన్ కోసం రూపొందింది. స్పోర్ట్స్ కారు కొద్ది సంఖ్యలో అమ్ముడై ఆ ఇంజిన్‌కు పేరు తెస్తే చాలని కంపెనీ అంచనా. అందుకే ఖరీదైన అచ్చుల జోలికి పోకుండా యాష్ కలప చట్రం మీద అల్యూమినియం రేకులు చేత్తో అమర్చారు. గిరాకీ ఆ అంచనాను దాటిపోయింది. 1950లో ఉక్కు బాడీకి మారేలోపు అల్యూమినియం కార్లు సుమారు 240 తయారయ్యాయి. మొత్తం ఎక్స్‌కే120లు పన్నెండు వేల పైచిలుకు. ఈరోజు సేకర్తలు వెతుక్కునే ఆ తొలి 240 కార్లు, కంపెనీ తన కారు ఎంత అమ్ముడవుతుందో తక్కువగా ఊహించినందువల్ల మిగిలిన గుంపు.

రెండో కారణం రేసులు. గ్రాండ్ టూరింగ్ తరగతిలో పోటీ చేయాలంటే పన్నెండు నెలల్లో వంద కార్లు తయారై ఉండాలని 1960 ప్రాంతంలో అంతర్జాతీయ మోటార్ సమాఖ్య నిబంధన. అయితే ఒకసారి గుర్తింపు పొందిన కారుకు కొన్ని మార్పులు చేసుకోవడానికి వీలుండేది. తల్లి కారు వేలల్లో అమ్ముడవుతుంటే, దాని పేరు నీడన అతి తేలికైన రేసు కారును పదుల్లో తయారు చేయడానికి ఈ వీలు దారి చూపింది.

మూడో కారణం పన్ను. పూర్తిగా తయారైన కారు మీద కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా అమ్మితే పడేది కాదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఇంగ్లండులో చాలా ఇళ్ల గరాజుల్లో కొన్నవారి చేతుల్లోనే తయారైంది. 1973లో విలువ ఆధారిత పన్ను వచ్చేదాకా ఈ వెసులుబాటు సాగింది. ఇలాంటి కారు విషయంలో ఫ్యాక్టరీ పంపిన పెట్టెల లెక్కా, రోడ్డెక్కిన కార్ల లెక్కా ఒకటే కావాలని లేదు.

ఆస్టిన్-హీలీ: యాభై దాటిన యాభై, చిట్టా తేల్చిన 640

డోనల్డ్ హీలీ వార్విక్‌లోని తన చిన్న సంస్థలో రూపొందించిన హీలీ 100ను 1952 ఎర్ల్స్‌కోర్టు ప్రదర్శనలో పెట్టాడు. ఆస్టిన్ అధిపతి లెనార్డ్ లార్డ్ చూసి తయారీ తామే చేస్తామని ముందుకొచ్చాడు. ఆస్టిన్ ఏ90 నుంచి తీసుకున్న 2,660 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, 90 హార్స్‌పవర్. 1953–56 మధ్య ఈ 100 వరుసలో పద్నాలుగు వేలకు పైగా కార్లు తయారయ్యాయి.

రేసుల కోసం చేసిన 100ఎస్‌లో ఎస్ అక్షరం అమెరికాలోని సెబ్రింగ్ నుంచి వచ్చింది. 1954లో అక్కడి 12 గంటల రేసులో హీలీ కారు మూడో స్థానంలో నిలిచింది. అల్యూమినియం బాడీ, నాలుగు చక్రాలకూ డన్‌లప్ డిస్క్ బ్రేకులు, 132 హార్స్‌పవర్. అమ్మకానికి చేసినవి 50. చాసిస్ నంబర్లు 3501తో మొదలై, పదేసి చొప్పున ఐదు వందల వరుసల్లో సాగి 3910తో ముగుస్తాయి. చివరి నంబరులోంచి మొదటి నంబరు తీసేసి లెక్కకట్టేవారు నాలుగు వందల కార్లున్నాయని భ్రమపడతారు. నంబరు వరుసను చూసి మాత్రమే ఉత్పత్తిని అంచనా వేయకూడదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

ఆ 50 కూడా మొత్తం కాదు. వాటికి ముందు కంపెనీ సొంతంగా పరీక్షలకూ పోటీలకూ ఐదు ప్రత్యేక కార్లు తయారు చేసింది. వాటి నంబరు వరుస వేరు. 1955 జూన్ 11న లే మాన్స్ రేసులో పియర్ లెవె నడుపుతున్న మెర్సిడెస్, లాన్స్ మాక్లిన్ నడుపుతున్న హీలీని వెనక నుంచి తాకి గాల్లోకి లేచి జనంలో పడింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. మాక్లిన్ నడిపిన ఎన్‌ఓజే 393 నంబరు కారు ఈ ఐదింటిలో ఒకటి. 2011 డిసెంబరులో వేలానికి వచ్చి 8,43,000 పౌండ్లు పలికింది. అంటే 100ఎస్ అనగానే చరిత్రలో ముందు గుర్తొచ్చే కారు, 100ఎస్‌లు యాభై అన్న లెక్కలో లేదు. యాభై తప్పుడు అంకె కాదు. అది అమ్మకానికి చేసిన కార్ల అంకె.

100ఎం సంగతి ఇంకా చిక్కు. 1953 లే మాన్స్ అనుభవంతో హీలీ సంస్థ ఒక కిట్ అమ్మింది. పెద్ద కార్బ్యురేటర్లు, చల్లగాలి పెట్టె, మార్చిన క్యామ్‌షాఫ్ట్‌తో 90 హార్స్‌పవర్ కాస్తా 100 అయ్యేది. డీలరు దగ్గరో సొంత మెకానిక్ దగ్గరో ఎవరైనా బిగించుకోవచ్చు. 1955లో బీఎన్2 మోడల్ వచ్చాక కంపెనీ స్వయంగా మరింత ముందుకెళ్లి కంప్రెషన్ ఎక్కువున్న పిస్టన్లు, గట్టి యాంటీ-రోల్ బార్, గాలి చీలికలున్న బోనెట్, దాని మీద తోలు పట్టీ ఇచ్చింది. 110 హార్స్‌పవర్ ఇచ్చే ఈ కారే 100ఎం.

పాత జాబితాలు కొన్ని 100ఎం సంఖ్యను బాగా పెంచి చూపాయి. కిట్ బిగించిన కార్లు, ఫ్యాక్టరీ చేసిన కార్లు ఒక గుంపులో కలవడం దీనికి బలమైన వివరణగా కనిపిస్తుంది. చిట్టాల పరిశీలన తరవాత స్థిరపడ్డ అంకె 640, అన్నీ బీఎన్2లే. దీనినిబట్టి ఒక సులువైన పరీక్ష దొరుకుతుంది. అంతకుముందరి బీఎన్1 కారు మీద చీలికల బోనెట్, తోలు పట్టీ ఉన్నా అది 100ఎం కాదు. కిట్ బిగించిన కారు మాత్రమే. ఆ కిట్ ఆ కాలపుదే కావచ్చు, కారు చక్కగా పరుగెత్తవచ్చు, చారిత్రక విలువ కూడా ఉండవచ్చు. లెక్కలో మాత్రం దాని చోటు వేరు.

ఎంజీఏ ట్విన్ క్యామ్: గట్టి అంకె, కదిలే కారణం

1958లో వచ్చిన ఎంజీఏ ట్విన్ క్యామ్‌కు 1,588 సీసీ ఇంజిన్ మీద రెండు ఓవర్‌హెడ్ క్యామ్‌షాఫ్టులున్న అల్యూమినియం హెడ్ అమర్చారు. 108 హార్స్‌పవర్, 9.9 కంప్రెషన్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. కాగితం మీద ఎంజీ అప్పటివరకు చేసిన వాటిలో ఇదో పెద్ద అడుగు. రోడ్డు మీద పిస్టన్లకు చిల్లులు పడటం మొదలైంది. వారంటీ ఖర్చు పెరిగింది, పేరు పోయింది, 1960లో తయారీ ఆపేశారు. అప్పటికి 2,111 కార్లు.

ఇక్కడ సంఖ్యకు ఆధారం దృఢంగా ఉంది. ఎందుకు ఆగిందన్న దానికి కూడా ఉంది. పిస్టన్లు ఎందుకు చెడ్డాయన్న దానికి చెప్పే వివరణ మాత్రం కాలంతో మారింది. ఆనాటి అనుమానం ఇగ్నిషన్ టైమింగ్ మీదా, తక్కువ ఆక్టేన్ పెట్రోలు మీదా. కంపెనీ తరవాతి ఇంజిన్లలో కంప్రెషన్‌ను 8.3కు తగ్గించడం ఆ నిర్ధారణకు అనుగుణంగా చేసిన పనే. చాలా ఏళ్ల తరవాత ఈ కార్లను బాగుచేసి నడిపేవారి పరిశీలనలో మరో కారణం బయటపడింది. కొన్ని ఇంజిన్ వేగాల దగ్గర పుట్టే ప్రకంపనలకు కార్బ్యురేటర్ ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు నురగ కట్టి, మిశ్రమంలో ఇంధనం తగ్గి, పిస్టన్ వేడెక్కుతోందని వారి వాదన. కార్బ్యురేటర్లను ప్రకంపనలు తగలకుండా మెత్తటి అమరిక మీద బిగిస్తే సమస్య తగ్గడం దీనికి బలం. రెండు వివరణలూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకోవు. అధిక కంప్రెషన్ ఉన్న ఇంజిన్ పలచటి మిశ్రమాన్ని తట్టుకోలేదు కనుక రెండూ కలిసి పనిచేసి ఉండొచ్చు.

ట్విన్ క్యామ్ ఆగాక దాని చాసిస్‌కూ డిస్క్ బ్రేకులకూ మామూలు పుష్‌రాడ్ ఇంజిన్ తగిలించి చేసిన కార్లను డీలక్స్ అంటారు. 1600 మోడల్‌లో 82, మార్క్ 2లో 313, మొత్తం 395. మిగిలిపోయిన భాగాలను వదిలించుకోవడానికి వీటిని చేశారని తరచూ రాస్తుంటారు. 82 వరకు ఆ మాట సరిపోతుంది. కానీ మార్క్ 2 మొదలైంది 1961లో, ట్విన్ క్యామ్ ఆగిన ఏడాది తరవాత. మిగులు భాగాల వివరణ ఒక్కటే నిజమైతే రెండో విడత చిన్నదిగా ఉండాలి. ఇక్కడ మొదటి విడతకు దాదాపు నాలుగు రెట్లుంది. దీన్నిబట్టి కొనేవారిలో కొంత గిరాకీ కూడా ఉండి ఉండాలన్న ఊహకు చోటుంది. అంకెలే ఆ ఊహకు దారి చూపుతున్నాయి గానీ నిరూపించడం లేదు.

ఎక్స్‌కేఎస్‌ఎస్: అగ్ని రాసిన అంకె

జాగ్వార్ డీ-టైప్ 1955, 1956, 1957 సంవత్సరాల్లో వరుసగా లే మాన్స్ గెలిచింది. అయితే 1956 చివర్లోనే కంపెనీ సొంత రేసు జట్టును ఉపసంహరించుకుంది. అప్పటికి కోవెంట్రీలోని బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో అమ్ముడుపోని, పూర్తికాని డీ-టైప్‌లు 25 మిగిలాయి. వాటికి రెండో సీటు వైపు తలుపు, అద్దం, బంపర్లు, పల్చటి టాప్ తగిలించి రోడ్డు కారుగా అమ్మాలని నిర్ణయించారు. 1957 ఫిబ్రవరి 12 రాత్రి ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగింది. ఆ ఇరవై ఐదులో తొమ్మిది కాలిపోయాయి. పూర్తయినవి 16, ఎక్కువ భాగం అమెరికా చేరాయి. వాటిలో ఒకటి సినీ నటుడు స్టీవ్ మెక్‌క్వీన్‌ది. ఆ తరవాత మరో రెండు డీ-టైప్‌లను జాగ్వార్ ఇదే రూపంలోకి మార్చింది.

కాబట్టి ఉద్దేశించినవి 25, మొదటి విడతలో పూర్తయినవి 16, ఫ్యాక్టరీ మార్పులతో కలిపి 18. మూడూ సరైన అంకెలే. ఏది చెప్పినా ఏ ప్రశ్నకు జవాబో చెప్పాలి.

2016లో జాగ్వార్ పాత కార్ల విభాగం కాలిపోయిన తొమ్మిదింటికి బదులుగా తొమ్మిది కొత్త ఎక్స్‌కేఎస్‌ఎస్‌లు చేస్తామని ప్రకటించింది. 2018లో మరో ప్రకటన వచ్చింది. 1955లో వంద డీ-టైప్‌లు అనుకుని 75 మాత్రమే చేశామని, మిగిలిన 25 ఇప్పుడు చేస్తామని.

ఈ 75ను ప్రామాణిక గ్రంథాల్లో కనిపించే మరో లెక్క పక్కన పెట్టి చూడాలి. అందులో ఫ్యాక్టరీ జట్టు కార్లు 18, కొనుగోలుదారుల కార్లు 53, కలిపి 71. నాలుగు కార్ల తేడా. ప్రయోగ నమూనాలను కలపడం వల్లనో, మార్చిన కార్లను రెండు చోట్లా లెక్కించడం వల్లనో ఇలాంటి తేడాలు వస్తాయి. ఇంకా ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, వందకు తక్కువపడిన కార్లూ 25, 1957లో ఎక్స్‌కేఎస్‌ఎస్ కోసం పక్కనపెట్టిన కార్లూ 25. ఇవి ఒకే పాతిక అయితే అందులో కాలిపోయిన తొమ్మిది ఖాళీలు 2016లో ఒకసారి, 2018లో మరోసారి నిండినట్టు లెక్క. రెండు అంకెలు సరిపోలినంత మాత్రాన ఈ మాటను ఖాయం చేయలేం. కంపెనీ ప్రకటనను చిట్టాతో సమానంగా తీసుకోకూడదనడానికి మాత్రం ఇది చాలు.

ఖాళీగా మిగిలిన నంబర్లు: లైట్‌వెయిట్, జగాటో

1961 మార్చిలో జెనీవాలో వెలువడిన ఈ-టైప్ 1974 వరకు 72,000కు పైగా తయారైంది. 1963 ఫిబ్రవరిలో దాని రేసు రూపంగా అల్యూమినియం మోనోకాక్ ఉన్న లైట్‌వెయిట్ ప్రాజెక్టు మొదలైంది. మామూలు ఈ-టైప్ కంటే బరువు 114 కిలోలు తక్కువ. దీనికోసం 18 చాసిస్ నంబర్లు కేటాయించారు. 1964 నాటికి 12 తయారయ్యాయి. చివరి ఆరు నంబర్లు చిట్టాలో అలాగే ఉండిపోయాయి. 2014లో జాగ్వార్ ఆ ఆరు నంబర్లతో కొత్త కార్లు చేయడం మొదలుపెట్టింది.

ఆస్టన్ మార్టిన్ కథ ఇంకా పొడవు. 1958లో వచ్చిన డీబీ4కు 1959లో డీబీ4 జీటీ అనే పొట్టి, వేగవంతమైన రూపం వచ్చింది. వాటి సంఖ్య 75. 1960లో మిలాన్‌లోని జగాటో సంస్థ యువ డిజైనర్ ఎర్కోలె స్పాడా గీసిన బాడీతో ఇంకా తేలికైన కారు చేసింది. అనుకున్నవి 25. ధర ఎక్కువ, ఫెరారీలతో పోటీలో ఆశించిన విజయాలు తక్కువ. 19 దగ్గర ఆపేశారు. మూడు దశాబ్దాలు గడిచేసరికి ఆ పంతొమ్మిదికి విపరీతమైన ధర వచ్చింది. 1991లో కంపెనీ అనుమతితో, వాడకుండా మిగిలిన చాసిస్ నంబర్లతో నాలుగు కార్లు తయారయ్యాయి. వాటిని శాంక్షన్ 2 అన్నారు. 2000లో మరో రెండు, శాంక్షన్ 3. దాంతో 19, 4, 2 కలిసి మొదట అనుకున్న 25 అయ్యాయి. 2019లో న్యూపోర్ట్ ప్యాగ్నెల్‌లో కంటిన్యుయేషన్ పేరుతో మరో 19 చేశారు. కొత్త డీబీఎస్ జీటీ జగాటోతో జతగా 60 లక్షల పౌండ్లకు అమ్మారు. ఇప్పుడు ఆస్టన్ మార్టిన్ అనుమతి ముద్రతో ఉన్న ఈ రకం కార్లు 44.

ఈ 44లో ఏదీ దొంగ కారు కాదు. ప్రతిదానికీ కంపెనీ కాగితం ఉంది. తేడా అంతా తేదీలో ఉంది. 1961లో తయారైన కారు ఆనాటి గిరాకీకీ, ఆనాటి పనితనానికీ, ఆనాటి రేసు నిబంధనకూ సాక్ష్యం. 1991 కారు, 2019 కారు తమ తమ కాలాల సేకరణ సంతకు సాక్ష్యం. 1963లో కేటాయించిన నంబరు 2014 కారు మీద కనిపిస్తే, నంబరు వయసూ కారు వయసూ విడిపోయాయి. చాసిస్ నంబరును పుట్టిన తేదీకి రుజువుగా చూపే అలవాటు ఇక్కడ పనిచేయదు.

భాగాలు మారినా కారు అదేనా: స్పీడ్ సిక్స్ వ్యాజ్యం

భాగాలన్నీ మారినా కారు అదేనా అన్న ప్రశ్న ఒకసారి కోర్టుకెక్కింది. ఓల్డ్ నంబర్ వన్ పేరున్న బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929, 1930ల్లో వరుసగా లే మాన్స్ గెలిచింది. రెండుసార్లూ నడిపినవారిలో వుల్ఫ్ బార్నాటో ఉన్నాడు. ఆ తరవాత దాన్ని బ్రూక్‌లాండ్స్ రేసుల కోసం తిరగగట్టి, 8 లీటర్ల ఇంజిన్ పెట్టారు. 1932లో ఆ రూపంలో ఉండగానే జరిగిన ప్రమాదంలో డ్రైవర్ క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. మళ్లీ కట్టి కూపే బాడీ వేశారు. కోటి పౌండ్ల ఒప్పందంతో అమ్మకానికి వచ్చాక కొనేవారు ఇది అసలు కారు కాదంటూ వెనక్కి తగ్గారు. 1990లో లండన్ హైకోర్టులో జస్టిస్ ఓటన్ తీర్పు చెప్పారు. 1929 నాటి భాగాలు దాదాపు ఏవీ మిగల్లేదని ఆయన గుర్తించారు. అయినా ఒక దశ నుంచి మరో దశకు ఎక్కడా తెగకుండా సాగిన చరిత్ర ఉంది గనుక, అదే పేరుతో నిలిచిన మరో కారు లేదు గనుక, ఆ పేరుకు ఇదే అర్హమని నిర్ధారించారు. గోడలు, పైకప్పు, గుమ్మాలు విడతలవారీగా మార్చుకున్నా తాతలనాటి ఇల్లు తాతలనాటి ఇల్లుగానే ఉండటం లాంటిది ఈ తర్కం. కాలిపోయిన కారు స్థానంలో అరవై ఏళ్లకు కొత్త కారు పుట్టడానికి మాత్రం ఇది వర్తించదు. అక్కడ మధ్యలో తెగింది.

బార్నాటోదే మరో కారు ఆధారాల క్రమాన్ని చక్కగా చూపిస్తుంది. 1930 మార్చిలో ఆయన దక్షిణ ఫ్రాన్స్‌లోని కాన్ నుంచి బయల్దేరి, బ్లూ ట్రెయిన్ అనే రైలు కలే చేరేలోపు లండన్‌లోని తన క్లబ్బుకు చేరతానని పందెం కాసి నాలుగు నిమిషాల తేడాతో గెలిచాడు. గర్నీ నటింగ్ సంస్థ కట్టిన అందమైన స్పీడ్ సిక్స్ కూపేనే ఆ కారని దశాబ్దాలపాటు నమ్మారు. టెరెన్స్ క్యూనియో వేసిన చిత్రం ఆ నమ్మకాన్ని స్థిరపరిచింది. తేదీలు చూస్తే ఆ కూపే సిద్ధమైంది పందెం అయిపోయాక. పందెంలో పరుగెత్తింది హెచ్.జె. మలినర్ బాడీ ఉన్న సెడాన్ అన్నది ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకునే మాట. అందరూ చూసిన చిత్రం కన్నా ఎవరూ చూడని డెలివరీ తేదీ బలమైన సాక్ష్యం.

చర్చ

బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ విభాగం పాత కార్ల గుర్తింపు విషయంలో చాలాకాలం ఒక పాయింట్ల పద్ధతి వాడింది. అసలు చాసిస్‌కు 5, సస్పెన్షన్‌కు 2, యాక్సిళ్లకు 2, ట్రాన్స్‌మిషన్‌కు 2, స్టీరింగ్‌కు 2, ఇంజిన్‌కు 1. ఎనిమిది వస్తే పాత రిజిస్ట్రేషన్ నంబరు నిలుస్తుంది. సేకర్తలు ఇంజిన్ నంబరు చిట్టాతో సరిపోవాలని పట్టుబడతారు. ప్రభుత్వం అదే ఇంజిన్‌కు అన్నిటికంటే తక్కువ విలువ కట్టింది. కోర్టు తెగని చరిత్రకు పెద్దపీట వేసింది. కంపెనీ తన నంబరు పుస్తకానికి వేసింది. నాలుగు కొలతలూ నాలుగు అవసరాల కోసం పుట్టాయి. రిజిస్ట్రేషన్, సంత, న్యాయం, ప్రచారం. చరిత్రకారుడు వీటిలో ఒకదాన్ని తెచ్చి ఇదే ప్రమాణమనలేడు. ఏ కొలతతో ఏ అంకె వచ్చిందో విప్పి చెప్పడమే అతని పని.

పై ఉదాహరణల్లో లెక్క ఎక్కడ చెడిందో గమనిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. ట్విన్ క్యామ్ లాగా ఫ్యాక్టరీ గేటు లోపలే మొదలై లోపలే ముగిసిన రకానికి సంఖ్య గట్టిగా ఉంది. 100ఎం లాగా డీలర్ల చేతులు కలిసిన రకానికి సంఖ్య చాలాకాలం తేలలేదు. ఎక్స్‌కేఎస్‌ఎస్ లాగా ఒక కారు మరో కారుగా మారిన చోట ఒకే చాసిస్ రెండు లెక్కల్లోకి రావడానికి వీలుంది. జగాటో లాగా ఖాళీ నంబర్లు మిగిలిన చోట లెక్క ముప్పై, యాభై ఏళ్ల తరవాత కూడా పెరిగింది. ఇక్కడ చూసినవి కొన్ని ఉదాహరణలే కనుక దీన్ని సూత్రంగా ప్రకటించడం తొందరపాటు. కొత్త ఉదాహరణను చేతికి తీసుకున్నప్పుడు ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో మాత్రం ఇది చెబుతుంది. తయారీ గేటు బయట ఎంత జరిగిందన్నదే ఆ ప్రశ్న.

నిర్ధారణ

బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల అరుదైన రకాలకు పుస్తకాలు ఇచ్చే చిన్న అంకెలు ఎక్కువ భాగం నిరాధారం కావు. లోపం అంకెలో కన్నా దాని పక్కన ఉండాల్సిన మాటలు లేకపోవడంలో ఉంది. కాబట్టి సంఖ్యతోపాటు మూడు వివరాలు రాయడం మంచిది: దేన్ని లెక్కపెట్టారు, ఏ సంవత్సరం వరకు, ఏ తరగతి ఆధారంతో. ఆ పద్ధతిలో ఎక్స్‌కేఎస్‌ఎస్‌కు రాయవలసింది ఇలా ఉంటుంది: 1957లో ఉద్దేశించినవి 25, కాలినవి 9, పూర్తయినవి 16, ఆ తరవాత ఫ్యాక్టరీ మార్చినవి 2, 2016లో కంపెనీ ప్రకటించిన కొత్తవి 9. జగాటోకు 1960ల్లో 19, 1991లో 4, 2000లో 2, 2019లో 19. ఒక పేజీలో రెండు వరుసలు ఎక్కువవుతాయి, అంతే. ఆ రెండు వరుసలుంటే 1961 కారును 1991 కారుతో కలిపి లెక్కపెట్టే పొరపాటూ, కిట్ బిగించిన బీఎన్1ను 100ఎంగా అమ్మే అవకాశమూ రెండూ తగ్గుతాయి.